ఆరు గెలుపుల లెక్క

సావనీరుకు ఒక వ్యాసం కావాలని విద్యార్థి సంఘం కార్యదర్శి రెండు వారాలు నా వెంటబడ్డాడు. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద నా దగ్గర పాత నోట్సు వుంది. దాన్నే కాస్త దులిపి ఇచ్చేద్దామనుకున్నాను. ఇంతలో బి.ఏ. రెండో సంవత్సరం క్లాసులో ఒక సంగతి జరిగింది. ఆ సంగతి ముందు నా నోట్సు మరీ చప్పగా కనిపించింది. దాన్ని బీరువాలోనే వుంచి, ఇది రాస్తున్నాను.

ఆ రోజు ఎన్నికల విధానం పాఠం. పోటీచేసినవాళ్ళలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్ళే విజేత, సగానికి మించి రావాలన్న నియమం మన దేశంలో లేదు అని చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. ఉప్పుగూడ నుంచి వస్తాడు. రోజూ లోకల్ రైలెక్కి కాచిగూడలో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టుకుంటాడు. (రైల్వే టైంటేబుళ్ళలో ఆ స్టేషను పేరు 'హుప్పుగూడ' అని అచ్చయ్యేది. ఆ 'హు' ఎక్కణ్ణించి వచ్చిందో ఆ బస్తీలో ఎవరూ నాకు చెప్పలేకపోయారు.)

"సార్, మా దిక్కు పార్లమెంటుకు 84 సంది ఒక్కటే ఇంటిపేరు గెలుస్తున్నది. మొదలు తండ్రి, తర్వాత కొడుకు. మా ఇంట్ల నాలుగు ఓట్లున్నయ్ సార్. పోయినసారి ఒక్కరం గుడ పోలే. ఎవలు గెలుస్తరో ముందే తెలిసినంక మే నెల ఎండల లైన్ల నిలబడుడెందుకు సార్?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేను బోర్డు మీద రాసిన నిర్వచనంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు వెతుక్కునేలోగా గంట కొట్టేశారు. ఆ బాకీ ఇక్కడ తీర్చే ప్రయత్నం చేస్తాను. ముందే ఒక మాట. ఇది ఎవరినీ పొగడటానికి రాసింది కాదు, తిట్టటానికీ కాదు. జెండాలన్నీ గేటు బయట పెట్టి, కాగితం పెన్సిలు మాత్రం పట్టుకుని లోపలికి రావాలని మనవి.

కార్పొరేషన్ మెట్టు నుంచి

ఆ అబ్బాయి చెప్పిన తండ్రి సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ గారు. 1984 నుంచి 2004 దాకా హైదరాబాద్ లోక్‌సభ సభ్యులు. ఆరు ఎన్నికలు, ఆరు గెలుపులు: 1984, 1989, 1991, 1996, 1998, 1999. అనారోగ్యం వల్ల 2004లో పోటీ మానుకున్నారు. 2008 సెప్టెంబరు 29న కాలం చేశారు. 2004 నుంచి పెద్దకుమారుడు అసదుద్దీన్ ఒవైసీ గారు పోటీచేసి, 2024తో కలిపి అయిదు సార్లు గెలిచారు. అంటే తండ్రీకొడుకులవి కలిపి వరుసగా పదకొండు.

కాని తండ్రి రాజకీయ జీవితం 84లో మొదలవలేదు. అంతకు పాతికేళ్ళ ముందే మొదలైంది. మజ్లిస్ పార్టీ 1927లో నిజాం రాజ్యంలో పుట్టింది. 1948 పోలీసు చర్య తరవాత పదేళ్ళపాటు మూలబడింది. 1957 ప్రాంతంలో దాన్ని తిరిగి లేపినవారు సలావుద్దీన్ తండ్రి, న్యాయవాది అబ్దుల్ వాహెద్ ఒవైసీ. 1960లో సలావుద్దీన్ మల్లేపల్లి వార్డు నుంచి హైదరాబాద్ కార్పొరేషన్‌కు గెలిచారు. తొలిమెట్టు అదే. రెండేళ్ళకే, 1962లో, పత్తర్‌గట్టీ నుంచి అసెంబ్లీకి ఇండిపెండెంటుగా నిలబడి, మాసూమా బేగంను ఓడించారు. ఆమె సామాన్యురాలు కారు. 1957లో అదే సీటు గెలిచి, సంజీవయ్యగారి మంత్రివర్గంలో పనిచేసిన కాంగ్రెస్ నాయకురాలు. 1967లో యాకుత్‌పురా, 1972లో మళ్ళీ పత్తర్‌గట్టీ, 1978, 1983లలో చార్మినార్. మొత్తం అయిదు సార్లు ఎమ్మెల్యే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇరవై మూడేళ్ళలో ఆయన మూడు అసెంబ్లీ సీట్లు మారారు, కాని ఒక్కటీ మూసీ దక్షిణపు గడ్డ దాటలేదు. ఎన్.జి. రంగాగారి జీవితం దీనికి పూర్తిగా తలకిందులు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు: ఓడిన చోటు వదిలి గెలిచే చోటు వెతుక్కుంటూ, పార్టీలు మారుతూ, పెడుతూ, రంగాగారు అర్ధశతాబ్దం చట్టసభల్లో వున్నారు. మన దేశంలో చిరకాలం సభలో కూర్చోవటానికి ఈ రెండు దారులూ వున్నాయి. మొదటి దారిలో మనిషి ఒకచోట పాతుకుంటాడు, నియోజకవర్గమే ఆయన చుట్టూ రూపు దిద్దుకుంటుంది. రెండో దారిలో మనిషి పేరే నియోజకవర్గం. పరీక్షలో రాయదగ్గ పోలిక ఇది. మార్కులు వేసేది నేనైతే తప్పకుండా వేస్తాను.

84 ముందు ఈ సీటు ఎవరిది? మా విద్యార్థులు చాలామంది ఇది మొదటినుంచీ ఆ పార్టీదే అనుకుంటారు. కాదు. 1952లో అహ్మద్ మొహియుద్దీన్, 57లో వినాయకరావు కోరట్కర్, 62లోనూ 67లోనూ డాక్టర్ మేల్కోటే, అందరూ కాంగ్రెసువాళ్ళే. 1969 ఉద్యమం తరవాత 71లో అదే మేల్కోటే తెలంగాణ ప్రజాసమితి తరఫున గెలిచారు. 77, 80లలో కె.ఎస్. నారాయణ, మళ్ళీ కాంగ్రెసు. ముప్ఫై రెండేళ్ళు ఒక చేతిలో వున్న సీటు ఒక డిసెంబరు నెలలో చేయి మారింది.

మూడున్నర వేల ఓట్ల తేడా

1984 డిసెంబరు. ఇందిరాగాంధీ హత్య జరిగి రెండు నెలలు కాలేదు. దేశమంతా సానుభూతి గాలి. మన రాష్ట్రంలో మాత్రం అదే ఏడాది ఆగస్టులో ఎన్.టి. రామారావుగారిని దించి, నెల తిరక్కుండా మళ్ళీ కూర్చోబెట్టవలసి వచ్చిన ఘట్టం జనానికి పచ్చిగా వుంది. తెలుగుదేశం 42లో 30 సీట్లు గెలిచింది. హనుమకొండలో పి.వి. నరసింహారావుగారంతటివారు బీజేపీ చేతిలో ఓడిపోయారు. అటువంటి ఎన్నికలో హైదరాబాద్‌లో ఇటు కాంగ్రెసూ కాక, అటు తెలుగుదేశమూ కాక, ఒక ఇండిపెండెంటు గెలిచారు. ఆ ఇండిపెండెంటే సలావుద్దీన్ ఒవైసీ. రెండో స్థానం తెలుగుదేశం అభ్యర్థి కె. ప్రభాకరరెడ్డిది. తేడా దాదాపు మూడున్నర వేలు. అయిదున్నర లక్షలకు పైగా ఓట్లు పోలైతే మూడున్నర వేలు! గెలిచినవారికి నూటికి నలభై ఓట్లు కూడా రాలేదు.

నలభై ఏళ్ళ కథకు ఇది పునాదిరాయి. ఆ రాయి ఎంత సన్నగా వుందో చూడండి. ఆ రోజు ఇంకో రెండు బస్తీలు మరోలా ఓటు వేసి వుంటే, ఆ అబ్బాయి ప్రశ్నే పుట్టేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆరు ఎన్నికల్లో ఒక్కదాంట్లో కూడా సలావుద్దీన్ గారికి పోలైన ఓట్లలో సగం రాలేదు. ఆరింటిలో ఎక్కువ వచ్చింది 1991లో, సుమారు 46 శాతం. తక్కువ వచ్చింది 1996లో, 35 శాతం లోపు. ఈ మాట క్లాసులో చెబితే ఎవరూ నమ్మలేదు. 'కంచుకోట' అన్న పదం పేపర్లలో చదివి చదివి, కోట అంటే నిలువెత్తు గోడలే వుంటాయనుకుంటాం. ఈ కోట గోడ సగం ఎత్తు కూడా లేదు. అయినా ఎవరూ ఎక్కలేకపోయారు.

ఎందుకు ఎక్కలేకపోయారో తెలియాలంటే 91నూ 96నూ పక్కపక్కన పెట్టి చూడాలి. నా దృష్టిలో ఈ పాఠమంతటికీ ఇదే గుండెకాయ.

1991లో బీజేపీ తరఫున పోటీచేసినవారు కార్వాన్ ఎమ్మెల్యే బద్దం బాల్‌రెడ్డి. అంతకు కొద్ది నెలల ముందు, 1990 చివర, నగరంలో ఘోరమైన అల్లర్లు జరిగాయి. పాతబస్తీ ఇళ్ళలో ఆ శీతాకాలం ఇంకా మాటల్లోకి వస్తూనే వుంటుంది. ఎన్నిక రెండు శిబిరాల పోటీ అయిపోయింది. ఒవైసీగారికి సుమారు 4 లక్షల 55 వేలు, బాల్‌రెడ్డిగారికి సుమారు 4 లక్షల 15 వేలు. ఇద్దరివీ కలిపితే నూటికి 88. మిగతా అందరూ కలిసి పంచుకున్నది పన్నెండే. తేడా నలభై వేలకు కాస్త తక్కువ.

1996లో బీజేపీ అభ్యర్థి ఎం. వెంకయ్యనాయుడు, తరవాత ఉపరాష్ట్రపతి అయినవారు. ఒవైసీగారికి వచ్చినవి 3 లక్షల 21 వేలు. అంటే 91 కంటే లక్షా ముప్ఫై వేలు తక్కువ. కాని మెజారిటీ ఎంతో తెలుసా? 73 వేల పైచిలుకు! ఓట్లు పడిపోయాయి, మెజారిటీ దాదాపు రెట్టింపయింది.

ఇదెలా? మొదటి ఇద్దరివీ కలిపినా ఈసారి నూటికి 61 దాటలేదు. మిగతా 39 ఇతర అభ్యర్థుల మధ్య చీలిపోయాయి. గెలిచినవారు బలపడలేదు. ఎదుటివాళ్ళు ముక్కలయ్యారు. మెజారిటీ చూసి బలం లెక్కకట్టకూడదు అని నేను ఏటా చెబుతాను, ఏటా మరిచిపోతారు. ఈ రెండు ఎన్నికల అంకెలు నోట్సులో పక్కపక్కన రాసుకుంటే మరిచిపోరు.

98లో, 99లో మళ్ళీ బాల్‌రెడ్డిగారే ఎదురు నిలిచారు. తేడాలు 71 వేలు, 60 వేలు. వాటి మీద కొత్తగా చెప్పవలసింది లేదు.

ఇంటి లోపలి చీలిక

ఎదుటివాళ్ళు చీలటం గురించే చెప్పి వదిలేస్తే సగం కథే చెప్పినట్టు. సొంత ఇల్లు కూడా చీలింది. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలిన తరవాత పార్టీలో నాయకత్వం మీద తగవు ముదిరి, 1993లో అమానుల్లా ఖాన్ బయటికి వెళ్ళి మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టారు. అమానుల్లా ఖాన్ చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే, 1978 నుంచి అప్పటికే నాలుగు సార్లు గెలిచిన మనిషి. ఇప్పుడు ఉప్పుగూడ వున్నది ఆ నియోజకవర్గంలోనే. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో చాంద్రాయణగుట్ట ఆయనే నిలబెట్టుకున్నారు. యాకుత్‌పురా కూడా కొత్త పార్టీకే పోయింది. అసలు మజ్లిస్‌కు మిగిలింది ఒక్క చార్మినార్. అక్కణ్ణించి గెలిచింది తొలిసారి పోటీచేసిన అసదుద్దీన్.

పాతబస్తీ ఓటరు పార్టీ గుర్తు చూసి కళ్ళు మూసుకుని ఓటు వేస్తాడని చాలామంది అనుకుంటారు. 94 దానికి జవాబు. ఆ ఏడాది పాతబస్తీ ఓటరు నాయకత్వానికి గట్టి చీవాట్లే పెట్టాడు. రెండేళ్ళకు 96లో పార్లమెంటు ఎన్నిక వచ్చేసరికి ఓట్లు తగ్గాయి, కాని సీటు పోలేదు. 99లో చాంద్రాయణగుట్టలో అమానుల్లా ఖాన్‌ను ఓడించి అక్బరుద్దీన్ ఒవైసీ అసెంబ్లీకి వచ్చారు. ఆ సీటు 2023 దాకా ఆయనదే.

ఎన్నికకూ ఎన్నికకూ నడుమ ఏం జరిగిందన్నది కూడా చూడాలి. మా శాఖలో ఒక పెద్దాయన "ఎన్నికలు అయిదేళ్ళకోసారి, అర్జీలు రోజూ" అనేవారు. దారుస్సలాంలో పార్టీ ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు కూర్చుని, రేషను కార్డు దగ్గర్నుంచి ఆస్పత్రి చీటీ దాకా జనం తెచ్చిన కాగితాలు తీసుకోవటం పాత అలవాటు. 1980ల నడుమ దక్కన్ వైద్య కళాశాల వచ్చింది. 1986 కార్పొరేషన్ ఎన్నికల తరవాత ఆ పార్టీ తరఫున మేయర్లయినవారిలో కె. ప్రకాశరావు, ఎ. సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య వున్నారు. ఈ పేర్లు విన్నప్పుడు క్లాసులో కనుబొమలు పైకి లేవటం నేను చూశాను. 1991 తరవాత పదకొండేళ్ళు కార్పొరేషన్‌కు ఎన్నికలే జరగలేదు. 2002 దాకా కార్పొరేటరే లేని వూళ్ళో, మోరీ నిండినా కుళాయి ఎండినా మనిషి పోవలసింది ఎమ్మెల్యే దగ్గరికో ఎంపీ దగ్గరికో. ఈ లోటు ఎవరికి లాభించిందో వేరే చెప్పనక్కరలేదు. దీని మీద పరిశోధన చేయదలచిన విద్యార్థి ఎవరైనా వుంటే నా గది తలుపు తెరిచే వుంటుంది.

తాండూరు నుంచి చార్మినార్ దాకా ఒకే సీటు

ఇక పటం దగ్గరికి వద్దాం. మా అబ్బాయిలు చాలామందికి తెలియని సంగతి ఇదే.

సలావుద్దీన్ గారు గెలిచిన హైదరాబాద్ సీటు, ఈనాటి హైదరాబాద్ సీటు ఒకటి కావు. పేరే ఒకటి. అప్పుడు దాని కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. వాటిలో చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, కార్వాన్, ఈ నాలుగూ నగరంలోవి. తక్కిన మూడు? చేవెళ్ళ, వికారాబాద్, తాండూరు! నాపరాయి గనులు, కంది చేలు వుండే తాండూరు, కర్ణాటక పొలిమేరలోని తాండూరు, నగరానికి వంద కిలోమీటర్ల పైన వున్న తాండూరు. అక్కడి రైతు, ఉప్పుగూడలో రైలు పట్టాల పక్కన వుండే కుటుంబం, ఇద్దరూ ఒకే ఎంపీని ఎన్నుకునేవాళ్ళు. చేవెళ్ళలో అసెంబ్లీకి 1985 నుంచి 1999 దాకా వరుసగా పి. ఇంద్రారెడ్డి గారు గెలిచేవారు, పార్టీ మారినా ఆయనే. పార్లమెంటు ఓటు అక్కడ వేరే లెక్క.

అటువంటి సీటు గెలవాలంటే నగరపు సెగ్మెంట్లలో వచ్చే ఆధిక్యం పల్లె సెగ్మెంట్లలో వచ్చే లోటు కంటే ఎక్కువ వుండాలి. కాబట్టి పాతబస్తీలో ప్రతి ఓటూ బయటికి రావాలి. కాస్త బద్ధకించినా తాండూరు వైపు తక్కెడ వాలుతుంది. గెలుపు ఖాయమన్న మాట ఆ రోజుల్లో ఆ పార్టీ కార్యకర్త కూడా అని వుండడు.

2001 జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాల హద్దులు తిరగగీశారు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ గీసిన ఆ హద్దులు 2008లో అమలులోకి వచ్చాయి. 2009లో వాటి ప్రకారం తొలి ఎన్నిక జరిగింది. చేవెళ్ళ, వికారాబాద్, తాండూరు మూడూ చేవెళ్ళ అనే కొత్త పార్లమెంటు సీటులోకి పోయాయి. హైదరాబాద్‌కు మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా మిగిలాయి. ఏడూ నగరమే. 2009, 2014, 2018, 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఈ ఏడింట ఆరు మజ్లిస్‌వే. గోషామహల్ ఒక్కటే దారి వేరు.

అప్పటి నుంచి పార్లమెంటు మెజారిటీలు ఎలా పెరిగాయో చూడండి. 2004లో, అంటే పాత హద్దుల కింద, కొడుకు తొలి గెలుపు లక్ష పైన. 2009లో లక్షా పదమూడు వేలు. 2014లో 2,02,454. 2019లో 2,82,186. 2024లో 3,38,087. పోలైన ఓట్లలో సగం దాటటం ఆ కుటుంబానికి 2014లోనే మొదటిసారి. 2019లో నూటికి 59, 2024లో నూటికి 61.

హద్దులు మారగానే అంతా మారిపోయిందని తొందరపడి రాయకండి. 2009లో కొత్త హద్దులే, అయినా గెలిచినవారికి 42 శాతమే వచ్చింది. హద్దు ఒక కారణం. ఎదుటి పార్టీలు ఈ సీటు మీద ఆశ వదులుకుని నామమాత్రపు అభ్యర్థులను నిలబెట్టటం ఇంకో కారణమని నా అభిప్రాయం. మూడోది, కొడుకు సొంతంగా దేశమంతటా సంపాదించుకున్న పేరు. ఏ పాలు ఎంతో తూచే తక్కెడ నా దగ్గర లేదు.

నూరు మంది లెక్క

ఇప్పుడు ఆ అబ్బాయి రెండో ప్రశ్న. ఎండలో ఎందుకు నిలబడాలి?

2019లో హైదరాబాద్ సీటులో పోలింగు 44.84 శాతం. 2024 మే 13న 48.48 శాతం. మీ గల్లీలో ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళు నూరు మంది అనుకోండి. 2024లో ఓటు వేయటానికి వెళ్ళినవాళ్ళు 48. అందులో గెలిచినవారికి వేసినవాళ్ళు 30 లోపు. తక్కిన అభ్యర్థులందరికీ కలిపి 19 లోపు. ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు 52.

మూడు లక్షల ముప్ఫై ఎనిమిది వేల మెజారిటీ అన్నప్పుడు కొండలా కనిపిస్తుంది. నూరు మంది లెక్కలో అది పదిహేను మంది తేడా. ఇంట్లో వున్నవాళ్ళు యాభై రెండు. ఇందులో గెలిచినవారి తప్పేమీ లేదు, వాళ్ళు తమవాళ్ళను బూత్ దాకా తెచ్చుకున్నారు. నేను అడిగేది మిగిలినవాళ్ళ గురించి.

ఫలితం ముందే తెలియటం వల్లనే జనం రావటం లేదా? అలాగని ఖాయంగా చెప్పలేం. పక్కనే వున్న సికింద్రాబాద్ సీటులో గట్టి పోటీ వుంటుంది. అక్కడ కూడా 2019లో పోలింగు సగానికి తక్కువే. ఒకే మనిషి పేరు రెండు చోట్ల వుండటం, ఇల్లు మారినా పాత జాబితాలో పేరు మిగిలిపోవటం, సెలవు దొరికితే సొంతూరు వెళ్ళిపోవటం, ఇవన్నీ నగరమంతటికీ వున్న జబ్బులే. పోటీ లేకపోవటం ఒక్కటే కారణమైతే సికింద్రాబాద్ నిండి వుండాలి.

దీనికి తోడు ఇంకో ఉదాహరణ. ఉప్పుగూడలో కాచిగూడ వైపు రైలెక్కితే వచ్చే మొదటి స్టేషను యాకుత్‌పురా. 1967లో సలావుద్దీన్ గారిని అసెంబ్లీకి పంపిన చోటు, 94లో పార్టీ చేయిజారిన చోటు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ మజ్లిస్ అభ్యర్థి గెలిచిన తేడా 878 ఓట్లు. ఎదురు నిలిచింది 93లో చీలిపోయిన ఆ మజ్లిస్ బచావో తెహ్రీకే. ముప్ఫై ఏళ్ళ నాటి ఇంటి తగవు ఒక్క స్టేషను అవతల ఇంకా 878 ఓట్ల దూరంలోనే వుంది. అక్కడ 878 మందిని లేపటానికి రెండు అపార్టుమెంట్లు చాలు.

ఇదంతా తరవాతి క్లాసులో చెప్పి, ఆ అబ్బాయికి ఒక పని పెట్టాను. ఎన్నికల సంఘం ప్రతి ఎన్నిక తరవాతా ఫారం 20 అని ఒకటి తయారుచేస్తుంది. ఏ పోలింగు బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో వరసగా వుంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గర ఎవరైనా చూడవచ్చు. మీ బూత్ పేజీ తీసుకురా, జాబితాలో ఎన్ని పేర్లున్నాయో అది కూడా పక్కన రాసుకురా అన్నాను. తెస్తాడనుకోలేదు.

పది రోజుల తరవాత స్టాఫ్‌రూముకు వచ్చాడు. కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు గీసుకొచ్చాడు. వాళ్ళ బూత్‌లో సగం మంది కూడా రాలేదు. "రానోళ్ళే పెద్ద పార్టీ అయిన్రు సార్ మా తాన," అన్నాడు. తరవాత కాస్త నవ్వి, ఇంటి దగ్గర జరిగింది చెప్పాడు. 84లో తేడా మూడున్నర వేలేనని వాళ్ళ తాతకు చెబితే ఆయన నమ్మలేదట. "గంతేనా?" అని రెండు సార్లు అడిగాడట. ఆ రోజు తనూ పొద్దున్నే పోయి లైనులో నిలబడ్డానని జ్ఞాపకం చేసుకున్నాడట.

"ఎవలికేసినవ్ తాతా అంటే చెప్తలేడు సార్. 'అది డబ్బల ఏసిన, నీకెందుకు బిడ్డా' అంటున్నడు."